గాలి పోసింది, వాన కోసింది: భీమిలి ఎర్రమట్టి దిబ్బలు

విశాఖపట్నం వెళ్ళొచ్చామని ఎవరైనా అన్నారనుకోండి, మనం వెంటనే అడిగే ప్రశ్నలు నాలుగే నాలుగు. సింహాద్రి అప్పన్న దర్శనం బాగా జరిగిందా? కైలాసగిరి ఎక్కారా? సబ్‌మెరైన్ మ్యూజియం చూశారా? అరకు రైలెక్కారా? "ఎర్రమట్టి దిబ్బలు చూశారా?" అని అడిగేవాళ్ళు తక్కువ. ఒకవేళ అడిగినా, "ఆఁ, సినిమా పాటల్లో చూశాంలెండి" అనేస్తారు. నిజమే, ఆ ఎర్రటి లోయల్లో ఆడిపాడని హీరోహీరోయిన్లు అరుదు. కానీ పాటలో మనం చూసేది హీరోయిన్ చీరనే గాని, ఆమె వెనకున్న మట్టిని కాదు కదా!

ఈసారి ఆ మట్టిని చూద్దాం రండి. ఎందుకంటారా? గాలీ వానా కలిసి నేలను ఎలా పోస్తాయో, ఎలా కోస్తాయో కళ్ళకు కట్టినట్టు చూపించే చోటు మన తెలుగునాట ఇంతకంటే మరొకటి లేదనే చెప్పాలి. పైగా అక్కడ జరిగేదేదీ మనకు కొత్త కాదు. చేటతో బియ్యం చెరగడం, వాకిట్లో కల్లాపి చల్లడం, వాన వెలిశాక గోడ మీది బురద చుక్కలు కడగడం మనకు రోజూ ఉండే పనులే. ఈ పనులు తెలిసిన ఇల్లాలికి ఎర్రమట్టి దిబ్బల కథ ఏ పంతులుగారూ చెప్పకుండానే సగం అర్థమైపోతుంది.

దారి పొడుగునా సముద్రమే

విశాఖ నుంచి భీమునిపట్నం వెళ్ళే బీచ్ రోడ్డు ఉంది చూశారూ, అదే ఒక యాత్ర. కుడిచేతి వైపు సముద్రం, ఎడమచేతి వైపు కొండలు. రుషికొండ దాటాక తొట్లకొండ వస్తుంది. 1976లో నేవీ వాళ్ళు సర్వే చేస్తుంటే అక్కడ పురాతన బౌద్ధారామం బయటపడింది. అది కూడా దాటి, భీమిలి ఇంకా కొద్ది కిలోమీటర్లుందనగా, జీడిమామిడి చెట్లూ తాటిచెట్లూ సరుగుడు తోపులూ మధ్యన నేల రంగు ఉన్నట్టుండి మారిపోతుంది. పచ్చటి చీరకు ఎర్రంచు వేసినట్టు ఉంటుంది. అదే మనం దిగవలసిన చోటు.

రోడ్డు మీద నిలబడి చూస్తే, "ఇంతేనా?" అనిపిస్తుంది. ఏదో ఎర్రటి మెట్ట, దాని మీద పొదలు. నాలుగడుగులు లోపలికి వేయండి. కాళ్ళ ముందు నేల ఒక్కసారిగా తెగిపోయి, కింద లోయ కనిపిస్తుంది. దాని పక్కన మరొకటి. దానిలోంచి చీలిన పిల్ల లోయలు ఇంకొన్ని. నిటారుగా గోడలు, గోడల మీద నిలువు చారలు, అంచున వేళ్ళు బయటపడి ఏ క్షణాన పడతానా అన్నట్టు ఒరిగిన చెట్లు. కొన్నిచోట్ల ఇద్దరు మనుషులెత్తు, కొన్నిచోట్ల అంతకు ఎన్నో రెట్లు లోతు. కింద నడుస్తుంటే పాత కోటలో దారి తప్పినట్టుంటుంది. పొద్దున ఇటుక రంగు, మధ్యాహ్నం నారింజ రంగు, సాయంత్రం కుంకుమ రంగు. చూడటానికి రెండు కళ్ళూ చాలవంటే నమ్మండి.

మేం వెళ్ళినప్పుడు రోడ్డు పక్కన తాటిముంజలు అమ్ముతున్నావిడ మా వదిన ముఖంలోకి చూసి నవ్వింది.

"ఏటమ్మా, అలా చూస్తన్నారు? మట్టే కదా!"

"మట్టే గానీ, ఇలా ఎలా తెగింది?" అంది వదిన.

"వానకి తెగిపోద్దమ్మా. గాలీ వానా కలిసొచ్చిన యేడు మరీనూ."

ఆ "కలిసొచ్చిన యేడు" అన్న మాటలోనే అసలు సంగతంతా ఉంది. కాస్త వివరంగా చూద్దాం.

చేట చెరిగినట్టు

ముందుగా ఈ మట్టి ఇక్కడికి ఎలా వచ్చిందో తెలుసుకోవాలి. పేరుకు మట్టి దిబ్బలే గాని, నిజానికి ఇవి ఇసుక దిబ్బలు. గుప్పెడు తీసి వేళ్ళ మధ్య నలిపి చూడండి, రవ్వలా గరుగ్గా తగులుతుంది. వేళ్ళకు మాత్రం ఎర్రటి పొడి అంటుకుంటుంది.

భూగర్భ శాస్త్రవేత్తలు చెప్పే కథ ఇది. సుమారు 20,000 ఏళ్ళ కిందట, చివరి మంచుయుగంలో, ప్రపంచంలోని నీటిలో కొంత భాగం మంచుగడ్డలుగా పేరుకుపోయింది. దాంతో సముద్రమట్టం ఇప్పటికంటే 100 మీటర్లకు పైగా కిందికి దిగిపోయింది. అంటే ఇప్పుడు చేపలు తిరిగే చోట అప్పుడు ఎండిన ఇసుకమేట ఉండేదన్నమాట. తూర్పు కనుమల రాళ్ళు అరిగి, ఏళ్ళూ గెడ్డలూ మోసుకొచ్చిన ఇసుక అది. దాన్ని కప్పడానికి నీళ్ళు లేవు, పట్టి ఉంచడానికి గడ్డి లేదు. సముద్రం మీంచి వీచే గాలి ఆ ఇసుకను ఎత్తి తెచ్చి కొండల మొదట్లో పోసింది. ఒకరోజు కాదు, ఒక ఏడు కాదు, వేల ఏళ్ళు పోసింది.

గాలి ఇసుకను మోసే తీరు చూస్తే చేట గుర్తొస్తుంది. మనం బియ్యం చెరుగుతుంటే పొట్టు గాలిలో ఎగిరిపోతుంది, నూకలు అంచుకు చేరతాయి, బరువైన రాళ్ళు వెనకే ఉండిపోతాయి. గాలి కూడా అంతే. పిండిలాంటి సన్నటి ధూళిని ఆకాశానికి ఎత్తి ఎంతో దూరం తీసుకుపోతుంది. ముతక రేణువులను నేలమీదే దొర్లిస్తుంది. మధ్యరకం ఇసుకను మాత్రం గెంతిస్తుంది. ఒక రేణువు గెంతి పడుతుంది, పడిన దెబ్బకు ఇంకో రెండు లేస్తాయి, అవి మరికొన్నిటిని లేపుతాయి. ఈ గెంతులాట ఎక్కువగా నేలకు అడుగు ఎత్తులోపే జరుగుతుంది. గాలి రోజున బీచ్‌లో నడుస్తుంటే ఇసుక మన పిక్కలకు చురుక్కున తగిలి, ముఖానికి తగలకపోవడానికి కారణం అదే.

మరి ఎరుపెలా వచ్చింది? ఆ ఇసుకలో ఇనుము ఉన్న ఖనిజాలున్నాయి. వానలో తడిసి ఎండలో ఎండి, మళ్ళీ తడిసి మళ్ళీ ఎండి, వాటికి తుప్పు పట్టింది. కడిగి తుడవకుండా వదిలేసిన ఇనప పెనం మీద మర్నాటికి ఎర్రటి పొర వస్తుందే, అదే వ్యవహారం. ఆ తుప్పే ప్రతి రేణువు చుట్టూ పల్చటి పూతగా పట్టి, కాస్తంత బంకమట్టితో కలిసి రేణువులను ఒకదానికొకటి అంటించింది. లడ్డూలో పాకం పట్టి ఉంచినట్టు అనుకోండి. పాకం ముదిరితే లడ్డూ గట్టిగా ఉంటుంది, లేతగా ఉంటే ముట్టుకోగానే విరుగుతుంది. ఈ దిబ్బల పాకం లేత పాకమే సుమా! నిటారుగా నిలబడేంత గట్టిదనం ఉంది, వానను తట్టుకునేంత లేదు.

ఇలా సముద్రతీరంలో ఎర్ర ఇసుక దిబ్బలు పేరుకున్న చోట్లు దక్షిణాసియాలో కొద్దిగానే ఉన్నాయి. తమిళనాడులో తూత్తుకుడి వైపు "తేరి" అని పిలిచే నేలలు, శ్రీలంక తీరంలో కొన్ని, తరవాత మన భీమిలివి. అందుకే భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ వీటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025 సెప్టెంబరులో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో మన తిరుమల కొండలతో పాటు ఎర్రమట్టి దిబ్బలకూ చోటు దొరికింది. తిరుమల కొండల పక్కన పేరు రావడం అంటే మాటలా చెప్పండి!

ఒక్క చినుకు దెబ్బ

పోసింది గాలి. మరి కోసిందెవరు? వాన. విశాఖ ప్రాంతంలో ఏడాదికి సుమారు 1,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. నైరుతి వాన, ఈశాన్య వాన, మధ్యలో తుపానులు.

వాన అంటే మనకు వరద గుర్తొస్తుంది, చినుకు గుర్తుకు రాదు. కానీ నేలకోత మొదలయ్యేది చినుకుతోనే. పెద్ద చినుకు గంటకు సుమారు 30 కిలోమీటర్ల వేగంతో నేలను తాకుతుంది. మెత్తటి ఉత్త నేల మీద పడిందంటే చిన్న గుంట చేసి, మట్టి రేణువులను చుట్టూ చిమ్ముతుంది. అవి రెండడుగుల ఎత్తు వరకు, పక్కకు అయిదడుగుల దూరం వరకు ఎగరగలవు. నమ్మకం కుదరకపోతే వాన వెలిశాక మీ వాకిలి గోడ చూడండి. సున్నం వేసిన గోడ మీద నేల నుంచి మోకాలెత్తు వరకు బురద చుక్కలు ఉంటాయి. ఆ చుక్క ఒక్కొక్కటీ ఒక చినుకు చేసిన పని.

చినుకు విడగొట్టిన మట్టిని పారే నీరు మోసుకుపోతుంది. మొదట వేలి వెడల్పు చార పడుతుంది. తరవాతి వాన నీరు కొత్త దారి వెతుక్కోదు, ఉన్న దారినే పోతుంది. చార కాలవ అవుతుంది, కాలవ గెడ్డ అవుతుంది. గెడ్డ అంటే ఉత్తరాంధ్రలో వాగు అని మీకు తెలిసే ఉంటుంది. దిబ్బల్లో గోడ మొదలును నీరు తొలిచేస్తుంది. కింద ఆధారం పోయిన గోడ పైనుంచి విరిగి పడుతుంది. అందుకే ఆ గోడలు ఏటవాలుగా కాక, కత్తితో కోసినట్టు నిటారుగా ఉంటాయి. లోయ తల కూడా ఇలాగే ఏటికేడాది వెనక్కి, మెట్ట లోపలికి జరుగుతూ పోతుంది.

దిబ్బల్లో వంగి చూస్తే ఒక ముచ్చట కనిపిస్తుంది. అంగుళం, రెండంగుళాల ఎత్తున మట్టి స్తంభాలు, ప్రతి దాని నెత్తిన ఒక గులకరాయో, ఎండుటాకు ముక్కో. చుట్టూ మట్టిని చినుకులు కొట్టేశాయి, రాయి కింది మట్టి మాత్రం గొడుగు కింద పిల్లాడిలా క్షేమంగా నిలబడింది. నేలను కాపాడేది ఏమిటో ఇంతకంటే తేలిగ్గా ఎవరూ చెప్పలేరు. పైన ఏదో ఒక కప్పు ఉండాలి, అంతే.

ఇద్దరూ కలిస్తే

ఇక్కడ మీకో సందేహం రావాలి. గాలికి వాన విరుగుడు కదా? దుమ్ము లేవకుండా మనం కల్లాపి చల్లుతాం. తడిసిన మట్టి ఎగరదు. మరి గాలీ వానా కలిస్తే నష్టం తగ్గాలి గాని, పెరగడమేమిటి?

తడి ఉన్నంతసేపూ మీ మాట నిజమే. కానీ గాలివాన వేళ ఏం జరుగుతుందో చూడండి. గాలి లేనప్పుడు చినుకు నిట్టనిలువుగా పడుతుంది. గాలి తోడైతే ఏటవాలు జల్లుగా వచ్చి కొడుతుంది. కిందికి గంటకు 30 కిలోమీటర్ల వేగంతో దిగే చినుకును గంటకు 50 కిలోమీటర్ల గాలి పక్కకు తోస్తే, రెండూ కలిసి అది నేలను తాకే వేగం దాదాపు రెట్టింపవుతుంది. పైకప్పు కింద ఉన్న గోడ మామూలు వానకు తడవదు, గాలివానకు తడుస్తుంది. దిబ్బల్లోని నిటారు గోడల సంగతీ అంతే. నిలువు వాన వాటిని పైపైన రాసుకుంటూ పోతుంది. జల్లు మాత్రం గురిపెట్టి ముఖం మీద కొట్టినట్టు కొడుతుంది. అందుకే గాలి వచ్చే వైపు గోడ ఎక్కువ దెబ్బతింటుంది. మీ ఇంటికీ అంతే! నాలుగు గోడల్లో ఏ గోడకు ముందు సున్నం రాలుతుందో గమనించండి, జల్లు ఎటునుంచి కొడుతుందో తెలిసిపోతుంది.

రెండో సంగతి. చినుకు చిమ్మిన రేణువులు గాలి లేకపోతే నలుదిక్కులా పడతాయి. గాలి ఉంటే అన్నీ ఒకే దిక్కుకు, ఇంకా దూరంగా పోతాయి. చినుకు పైకి లేపుతుంది, గాలి పక్కకు అందుకుంటుంది. రోలు దగ్గర ఒకరు దంచుతుంటే ఇంకొకరు ఎగదోసినట్టు ఇద్దరి పనీ కలిసి సాగుతుంది.

మూడో సంగతి వాన వెలిశాక మొదలవుతుంది. తడిసిన నేల ఎండేటప్పుడు పైన అప్పడంలాంటి పెళుసు పొర కడుతుంది. ఎవరూ ముట్టుకోకపోతే ఆ పొర గాలిని కొంతకాలం ఆపుతుంది. మేక డెక్కో, మన చెప్పుకాలో, మోటారుసైకిలు చక్రమో పడి పగిలిందా, కింది పొడి ఇసుక గాలికి దొరికిపోతుంది. గాలి దాన్ని ఊడ్చి లోయ అడుగుకు చేరుస్తుంది. మళ్ళీ వాన వచ్చినప్పుడు అక్కడ పోగుపడిన ఇసుకను తేలిగ్గా తోసుకుపోతుంది. ఎండల్లో గాలి, వానాకాలంలో నీరు, ఇలా వంతులవారీగా ఏడాది పొడుగునా పని నడుస్తూనే ఉంటుంది.

ఇక చెట్ల సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గరే తీరం దాటింది. గంటకు 170 కిలోమీటర్లకు పైగా వేగంతో వీచిన గాలి నగరంలోనూ తీరం వెంబడీ లెక్కలేనన్ని చెట్లను పడగొట్టింది. చెట్టు వేళ్ళతో సహా కూలితే దాని వేళ్ళు పట్టుకున్న మట్టి అంతా పెళ్ళగిలి బయటపడుతుంది. అదే రోజు, అదే గంటలో కుండపోత వాన. గాలి తలుపు తీస్తే వాన ఇల్లు దోచుకున్నట్టే కదా!

జమ లేదు, ఖర్చే

ఇంతకూ ఈ కోత చెడ్డదా, మంచిదా? కోత లేకపోతే ఆ లోయలూ లేవు, ఆ అందమూ లేదు. మనం చూడటానికి వెళ్ళేది వాన చెక్కిన శిల్పాన్నే. మరి ఏడవడం ఎందుకు?

దీన్ని మన పోపుల డబ్బా లెక్కలో చూద్దాం. నెలనెలా ఇంత అని దాస్తూ, అవసరానికి కొంత తీస్తూ ఉంటే డబ్బా ఎప్పుడూ ఖాళీ కాదు. దాయడం ఆగిపోయి తీయడం మాత్రమే సాగితే? ఒకప్పుడు ఇక్కడ గాలి దాచేది, వాన తీసేది. ఆ తరవాత మంచు కరిగింది, సముద్రం పైకి వచ్చింది, గాలి ఇసుక ఎత్తుకొచ్చిన ఆ మైదానం నీళ్ళ కిందికి పోయింది. జమ వేసే చెయ్యి ఆగిపోయింది. ఇప్పుడు వీచే గాలి కొత్త దిబ్బలు పోయదు సరికదా, ఉన్నవాటిని తీయడంలో వానకు సాయం చేస్తోంది. అంటే ఈ దిబ్బలు వేల ఏళ్ళ కిందటి పొదుపు. మిగిలి ఉన్నదే ఉన్నది.

వాన తన పద్ధతిలో తీస్తే అది ఇంకా ఎన్నో తరాలకు వస్తుంది. మనిషి చెయ్యి పడితే అలా ఉండదు. రోడ్లకనీ, ఇళ్ళ స్థలాలకనీ మెట్టలు చదునుచేస్తే వేల ఏళ్ళది వారంలో పోతుంది. 2024 జూలైలో దిబ్బల దగ్గర యంత్రాలతో మట్టి తవ్వుతున్నారన్న వార్త పెద్ద దుమారమే లేపింది. ఆ తరవాత పనులు ఆపించారు. యంత్రం తీసుకుపోయిన మట్టి ఒక ఎత్తు, అది వదిలిన గాయం ఇంకో ఎత్తు. పొదలూ గడ్డీ పైపొరా పోయి ఉత్త ఇసుక బయటపడ్డాక గాలికీ వానకూ అడ్డేముంది?

అసలు గాలి మట్టిని జమ వేయడం అంటే ఎలా ఉంటుందో ఈ రోజుల్లో చూడాలంటే మన రాష్ట్రంలోనే మరోమూల, అనంతపురం జిల్లాకు వెళ్ళాలి. రాయదుర్గం దగ్గర కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు వేదవతి నది పారుతుంది. అక్కడివారు హగరి అంటారు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడే జిల్లా అది. నదిలో నీళ్ళ కంటే ఇసుకే ఎక్కువ. నైరుతి గాలులు ఆ ఇసుకను ఎత్తి పక్క పొలాల్లో పోస్తాయి. పచ్చగా ఉండాల్సిన చేను మీద ఇసుక దిబ్బ పెరుగుతుంది. భీమిలిలో మనం మెచ్చుకునే దిబ్బ అక్కడి రైతు ఇల్లాలికి పంట పోయిన చేను. గాలికి అడ్డంగా చెట్ల వరసలు పెంచడం, ఇసుక మీద గడ్డి నాటడం తప్ప దానికి మందు లేదు.

దేశం మొత్తం మీద చూస్తే లెక్క గుండె గుభేల్మనేలా ఉంటుంది. ఏటా సుమారు 530 కోట్ల టన్నుల మట్టి కొట్టుకుపోతోందని 1983లో శాస్త్రవేత్తలు అంచనా కట్టారు. అందులో నూటికి 29 వంతులు సముద్రం పాలు, 10 వంతులు జలాశయాల్లో పూడిక. పోయేది ఎప్పుడూ పైమట్టే, అంటే పంటకు బలమిచ్చే మట్టి. పాల మీది మీగడ ఒలికిపోయి నీళ్ళపాలు మిగిలినట్టన్నమాట. అంగుళం పైమట్టి తయారు కావడానికి వందల ఏళ్ళు పడుతుంది.

మన పెరట్లో ఏం చేద్దాం?

"దేశం సంగతి సరే, మేమేం చేయగలం?" అంటారా? మన గుమ్మం ముందున్న నేల మన చేతిలోనే ఉంది కదా. ఆ దిబ్బల్లోని గులకరాయి గొడుగు పాఠం గుర్తుంచుకుంటే చాలు.

చూరు నీళ్ళు పడేచోట గుంటలు పడుతుంటే అక్కడ గులకరాళ్ళో, పాత పెంకు ముక్కలో వరసగా పరవండి. గుంట పడదు, గోడ మీద బురదా చిమ్మదు.

పెరట్లో రాలిన ఆకులను రోజూ ఊడ్చి తగలబెట్టకండి. మొక్కల మొదళ్ళలో బెత్తెడు మందాన పరిస్తే చినుకు దెబ్బ వాటి మీదే పడుతుంది, మట్టి కదలదు, తేమ నిలుస్తుంది, కుళ్ళి ఎరువూ అవుతుంది. కుండీల్లో అయితే కొబ్బరి పీచు వేయండి.

స్థలం వాలుగా ఉంటే మళ్ళు వాలుకు అడ్డంగా వేయాలి గాని, వాలు వెంట వేయకూడదు. అంచున వట్టివేరు గడ్డి నాటండి. దాని వేళ్ళు రెండు మూడు మీటర్ల లోతుకు దిగి మట్టిని కుట్టేసినట్టు పట్టుకుంటాయి. వేసవిలో ఆ వేళ్ళు కుండనీళ్ళలో వేసుకుంటే సువాసన అదనం.

జల్లు కొట్టే వైపు గోరింటో, మందారమో కంచెలా పెంచండి. గాలి జోరు అక్కడే తగ్గుతుంది. పూజకు పూలు, పండక్కి గోరింటాకు ఉండనే ఉన్నాయి.

పిల్లలకు సెలవులైతే ఒక సరదా చేయించండి. రెండు పాత పళ్ళాల్లో మట్టి నింపి, ఒకదాని మీద ఎండుటాకులు పరిచి, రెండోది ఉత్తగా వదిలేయండి. రెంటినీ కాస్త వాలుగా పెట్టి, వెనక తెల్లకాగితం నిలబెట్టండి. మొక్కలకు నీళ్ళు పోసే జల్లెడ డబ్బాతో ఎత్తునుంచి నీళ్ళు పోయించండి. ఆ తరవాత పక్కనుంచి వెడల్పాటి విసనకర్రతో బలంగా విసురుతూ మళ్ళీ పోయించండి. ఏ కాగితం మీద ఎన్ని బురద చుక్కలు పడ్డాయో వాళ్ళనే లెక్కపెట్టమనండి. బడి పుస్తకంలో "మృత్తికా క్రమక్షయం" అని నోరు తిరగని పేరుతో ఉన్న పాఠం పది నిమిషాల్లో అర్థమైపోతుంది. తడి చేతులతో ఫ్యాను స్విచ్చి జోలికి మాత్రం పోనివ్వకండి.

వెళ్ళేవారికి నాలుగు మాటలు

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు వెళ్ళడం సుఖం. ఎండ తక్కువ, గాలి హాయి. పొద్దున్నే గాని, సాయంత్రం నాలుగు దాటాక గాని వెళితే రంగులు బాగా కనిపిస్తాయి. విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి భీమిలికి సిటీ బస్సులున్నాయి. బీచ్ రోడ్డు మీదుగా వెళుతుందా అని అడిగి మరీ ఎక్కండి, లేకపోతే సముద్రం చూడకుండానే భీమిలి చేరిపోతారు.

లోపల నీడ తక్కువ, కాబట్టి నీళ్ళ సీసాలూ మజ్జిగా వెంట ఉండాలి. పులిహోర, దద్ధ్యోజనం లాంటివి కట్టుకెళ్ళి భీమిలి తీరంలో తినండి. అక్కడ గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, డచ్చివారి పాత సమాధులు, పావురాళ్ళకొండ చూడదగ్గవి. తిన్న ఆకులూ కవర్లూ మాత్రం దిబ్బల్లో వదలకండి.

వాన పడుతున్నప్పుడు, వాన వెలిసిన మర్నాడు లోయల్లోకి దిగవద్దు. తడిసిన గోడ చెప్పకుండా విరిగి పడుతుంది. పిల్లలు గోడల్లో గుహలు తవ్వబోతారు, పేర్లు చెక్కబోతారు. రెండూ ప్రమాదమే, రెండూ దిబ్బకు గాయమే. అప్పటికే నడిచి నడిచి పడ్డ బాటలోనే నడవండి. అంచుల మీదికి ఎక్కి ఫోటోలు దిగే సరదా వద్దు. పొదలు తొక్కకండి, గుర్తుగా మట్టి పొట్లం కట్టుకు రాకండి. రోజుకు వెయ్యిమంది తలా గుప్పెడు తీసుకుపోతే ఏమవుతుందో మీరే లెక్క వేసుకోండి.

అన్నట్టు, బట్టల సంగతి మరిచాను. తెల్లచీర కట్టుకు వెళ్ళకండి! ఎర్రమట్టి అంటితే వెంటనే నీళ్ళలో ముంచవద్దు, మరక పాకుతుంది. పూర్తిగా ఆరనిచ్చి, దులిపి, బ్రష్‌తో రుద్ది, అప్పుడు సబ్బు పెట్టండి. చాలావరకు పోతుంది. ఇంకా కాస్త మొండిగా నిలిచిందంటే అది తుప్పు రంగు, నిమ్మరసం పిండి ఎండలో పెట్టి ఉతకండి.

ఈసారి విశాఖలో చుట్టాలింటికి వెళ్ళినప్పుడు ఒక పూట దిబ్బలకు కేటాయించండి. పిల్లలకు ఆ గులకరాయి గొడుగులు వెతికి చూపించండి. గాలి పోసినదాన్ని వాన కోస్తున్న తీరు వాళ్ళ కళ్ళతో వాళ్ళను చూడనివ్వండి. వాళ్ళ పిల్లలు కూడా వచ్చి చూడాలంటే ఆ పొదలూ ఆ పైపొరా అలాగే ఉండాలని, తిరిగి వచ్చే దారిలో ఓ మాట చెప్పండి.